మైళ్ల కోసం క్రెడిట్ కార్డు: బెజవాడలో ఉండేవాళ్లకి గిట్టుబాటయ్యేదేనా?

పటమట_కుర్రోడు · ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదువుకుంటూ పోవడమే, రాయడం ఇదే మొదలు. నిన్న సాయంత్రం మాల్‌కి వెళ్తే ఎస్కలేటర్ పక్కన బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడు ఆపాడు. "సార్, మీకు సింగపూర్ టికెట్ ఫ్రీగా వస్తుంది" అన్నాడు. ఫ్రీ అనే మాటకి మా ఆవిడ ఆగింది, ఆవిడ ఆగింది కాబట్టి నేనూ ఆగాను. మైళ్లు, పాయింట్లు, ట్రాన్స్‌ఫర్, లాంజ్ అంటూ పావుగంట ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. ఇంటికొచ్చాక చూస్తే ఇద్దరికీ ఒక్క ముక్క గుర్తులేదు, చేతిలో కరపత్రం మాత్రం ఉంది, దాని మీద బాబు అప్పటికే డైనోసార్ బొమ్మ గీసేశాడు.

నా సంగతి చెప్తా. పటమటలో ఉంటాం, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని. నేను, మా ఆవిడ, మూడో తరగతి బాబు, అమ్మ. నెలకి ఓ 60 వేలు కార్డు మీద పెట్టగలను. ఇప్పుడున్నది జీతం ఖాతాతో పాటు ఇచ్చిన కార్డు, నాలుగేళ్ల పాయింట్లన్నీ కలిపితే ఒక మిక్సీ వచ్చింది. అమ్మ ఇంతవరకూ విమానం ఎక్కలేదు. వచ్చే దసరాకి నలుగురం సింగపూర్ వెళ్లాలని ఆశ. ఫిబ్రవరిలో చెల్లి పెళ్లి, ఈలోపు ఎలాగూ కదల్లేం. ఏ కార్డు తీసుకోమంటారు?

గన్నవరం_రన్‌వే · ఆదివారం రాత్రి 10:05

రా బాబూ రా, ఈ పిచ్చిలోకి స్వాగతం.

ముందు ఒక సంగతి తెలుసుకో. మైళ్లంటే విమాన సంస్థ దగ్గర టికెట్ తీసుకోవడానికి వాడే పాయింట్లు. మైళ్ల కార్డులు రెండు జాతులు. ఒకటి విమాన సంస్థ పేరు మీదే వచ్చేది, గీకిన ప్రతిసారీ నేరుగా ఆ సంస్థ ఖాతాలోనే మైళ్లు పడతాయి. రెండోది బ్యాంకు తన సొంత పాయింట్లు ఇచ్చేది, వాటిని నువ్వు కావలసినప్పుడు కావలసిన విమాన సంస్థకి మార్చుకోవచ్చు. నేను రెండో జాతి మనిషిని. ఎందుకో చెప్తా. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, ఆ మైళ్లతో జెట్ ఎక్కుదామనుకున్నవాళ్లకి ఎక్కడానికి విమానమే లేదు. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, ఆ పాయింట్లన్నీ ఎయిర్ ఇండియా వాళ్ల పాయింట్ల పథకం మహారాజా క్లబ్‌లోకి వెళ్లాయి, ఆ పేరు మీద ఉన్న కార్డులకి అర్థమే పోయింది. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకూడదని మన పెద్దాళ్లు అనేది దీనికే.

నీ స్థాయి ఖర్చుకి యాక్సిస్ బ్యాంకు అట్లాస్ కార్డు చూడు. ఏడాదికి 5,000 ఫీజు, జీఎస్టీతో 5,900. వంద రూపాయలకి 2 ఎడ్జ్ మైళ్లు (ఆ బ్యాంకు సొంత పాయింట్ల పేరు అది), విమాన సంస్థ దగ్గర గానీ హోటల్ దగ్గర గానీ నేరుగా కొంటే వందకి 5. ఒక ఎడ్జ్ మైలు అవతల రెండు మైళ్లవుతుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్, యునైటెడ్, ఎయిర్ కెనడా లాంటివాటికి మార్చుకోవచ్చు. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా ఇంకా బాగుంటుంది కానీ అది బ్యాంకు పిలిచి ఇవ్వాల్సిందే, ఫీజే 12,500. రెగాలియా గోల్డ్ ఫీజు తక్కువ, 2,500, కానీ మైళ్ల కోసం తీసుకునేంత సరుకు దాంట్లో లేదు. అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) మంచిదే, అది తీసుకునే షాపులు మన ఊళ్లో వెతుక్కోవాలి.

డల్లాస్_గుంటూరోడు · ఆదివారం రాత్రి 10:31

ఇక్కడ ఒక కార్డు తీసుకుని మూడు నెలల్లో చెప్పినంత ఖర్చు పెడితే 60 వేల పాయింట్లు ఊరికే ఇస్తారు. నేనూ మా ఆవిడా ఒకళ్ల తర్వాత ఒకళ్లం తీసుకుంటూ రెండేళ్లలో అత్తయ్యగారిని, మావయ్యగారిని రప్పించాం. ఇండియాలో వందకి రెండు అంటే నవ్వొస్తోంది.

గన్నవరం_రన్‌వే · ఆదివారం రాత్రి 10:34

నవ్వు అన్నా, నవ్వు. ఇక్కడ అంతంత బోనస్‌లు లేవు కాబట్టే మేం ఉల్లిపాయలు కొన్నా లెక్క రాసుకుంటున్నాం.

లెక్కల_మాస్టారు · సోమవారం ఉదయం 6:10

కుర్రోడుగారూ, కార్డు పేరు తర్వాత. "60 వేలు పెట్టగలను" అన్నారు కదా, ఆ 60 వేలు వేటిమీదో వరసగా రాయండి. ఇంట్లో డబ్బు ఎటు పోతోందో తెలియకుండా కార్డు ఎంచుకోవడమంటే, కొలతలు తీసుకోకుండా బట్ట చింపడం. గుంటూరులో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పాను, ఇప్పుడు అదొక్కటే అలవాటు మిగిలింది, ఏమీ అనుకోకండి.

పటమట_కుర్రోడు · సోమవారం ఉదయం 9:20

అయ్యో, అనుకోవడం ఏముంది మాస్టారూ. రాత్రి మా ఆవిడతో కూర్చుని లెక్క తీశాం, ఈ విషయంలో చిన్న గొడవ కూడా అయింది (బిర్యానీల పద్దు నాది). నెలకి సగటున:

సరుకులు 18,000, ఇందులో ఆన్‌లైన్‌లో ఓ 10,000. పెట్రోలు 6,000. కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్, ఫోన్లు 7,000. ఇన్సూరెన్సులు నెలకి పంచితే 8,000. బాబు స్కూలు ఫీజు అలాగే పంచితే 11,000. బంగారం షాపులో స్కీమ్ 5,000. హోటళ్లు, బట్టలు, చిల్లర 5,000.

కూరగాయలు, పాలు, పనమ్మాయి, ఇంటి ఈఎంఐ ఇందులో లేవు.

లెక్కల_మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 1:45

శుభ్రంగా రాశారు. ఇప్పుడు కత్తిరింపు. రన్‌వేగారు చెప్పిన కార్డుకి మైళ్లు రాని పద్దులున్నాయి. 2024 ఏప్రిల్ నుంచి ఇన్సూరెన్సు, బంగారం, కరెంటు, ఫోను బిల్లులు కూడా ఆ జాబితాలోకి వెళ్లాయి. పెట్రోలు, ఇంటద్దె, వాలెట్లు ఎలాగూ లేవు. మీ లెక్కలో 6, 7, 8, 5 వేలు తీసేస్తే 26 వేలు పోయాయి. మిగిలింది 34 వేలు. మాల్‌లో కుర్రాడు మొత్తం 60 వేల మీద చూపించి ఉంటాడు, తప్పు అతనిది కాదు, అతనికిచ్చిన కాగితం అలాంటిది.

34 వేలు పన్నెండు నెలలకి 4,08,000. వందకి 2 చొప్పున 8,160. ఏడాదిలో 3 లక్షలు దాటితే ఇంకో 2,500 ఇస్తారు. మొత్తం 10,660 ఎడ్జ్ మైళ్లు, అవతల రెట్టింపై 21,320.

ఇక మైలు ఖరీదు ఎంత? ఇది ప్రతివాళ్లూ సొంతంగా కట్టుకోవాల్సిన లెక్క. ఉదాహరణకి ఒకవైపు టికెట్ డబ్బుతో కొంటే 22,000 అనుకుందాం. మైళ్లతో తీసుకుంటే 20,000 మైళ్లు, పైన పన్నులు 6,000 అడుగుతోంది అనుకుందాం. 22,000 లోంచి 6,000 తీసేస్తే 16,000, దాన్ని 20,000తో భాగిస్తే మైలుకి 80 పైసలు. "ఫ్రీ టికెట్" అన్న మాటలో ఈ పన్నుల ముక్క ఎవరూ చెప్పరు.

21,320ని 80 పైసలతో గుణిస్తే 17,056. ఫీజు 5,900 పోతే 11,156 రూపాయలు. ఇదీ మీకు ఏడాదికి దక్కేది. నలుగురు రానూపోనూ అంటే ఎనిమిది టికెట్లు, పై లెక్కన 1,60,000 మైళ్లు. ఏడున్నరేళ్లు పడుతుంది. అప్పటికి బాబు పదో తరగతి.

గన్నవరం_రన్‌వే · సోమవారం మధ్యాహ్నం 2:02

మాస్టారూ, చేరగానే ఇచ్చే 2,500 మర్చిపోయారు. ఎవరైనా ఉత్సాహంగా ఉంటే నీళ్లు చల్లడం మీకు సరదా.

లెక్కల_మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 2:20

మర్చిపోలేదు, అది మొదటి ఏడాది ముచ్చట. కాపురం ఎలా ఉంటుందో చూడాలంటే రెండో ఏడాది లెక్క చూడాలి.

కృష్ణలంక_అక్క · సోమవారం మధ్యాహ్నం 3:15

తమ్ముడూ, ఒక మాట. 11 వేల స్కూలు ఫీజు కార్డు మీద తీసుకుంటారని నీకు ఎవరు చెప్పారు? మా పెద్దాడి కాలేజీలో మొన్నటిదాకా డీడీయే. ఇప్పుడు కార్డు మిషన్ పెట్టారు, పక్కనే కాగితం అంటించారు, "కార్డుకు అదనపు ఛార్జీ" అని. మధ్యలో ఏదైనా యాప్ ద్వారా కడదామంటే కొన్ని బ్యాంకులు అలాంటి చెల్లింపులకి 1 శాతం వసూలు చేస్తున్నాయి. ముందు స్కూలుకి వెళ్లి కనుక్కో, నీ లెక్కంతా ఆ ఒక్క మేకు మీద వేలాడుతోంది.

షాపుల్లో కూడా అంతే. బీసెంట్ రోడ్డులో చీర బేరమాడి, అంతా అయ్యాక కార్డు తీస్తే "రెండు శాతం ఎక్స్‌ట్రా అమ్మా, ఫోన్‌పే చేసేయండి" అంటారు. రెండు శాతం వాళ్లకిచ్చి పాయింట్లు తెచ్చుకోవడం, తవుడు కోసం బియ్యం అమ్ముకోవడం.

ఇంకోటి, రూపే క్రెడిట్ కార్డయితే యూపీఐలో కలిపి స్కాన్ చేయొచ్చు, 2022 నుంచి వచ్చింది, నేను వాడుతున్నా. కానీ పటమట రైతుబజారులో టమాటాల అమ్మాయి దగ్గరున్న క్యూఆర్ వాళ్లాయన సొంత ఖాతాది. దానిమీద క్రెడిట్ కార్డు పనిచేయదు, వ్యాపారి క్యూఆర్ అయితేనే పనిచేస్తుంది. నేను ఒకసారి వెనక నలుగురు నిలబడి ఉండగా మూడుసార్లు ప్రయత్నించి, చివరికి చిల్లర ఏరి ఇచ్చా. ఆ అమ్మాయి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

పటమట_కుర్రోడు · మంగళవారం మధ్యాహ్నం 12:50

అక్కా, నోటి వాక్కు బాగా పనిచేసింది. పొద్దున బాబుని దింపి అలాగే ఆఫీసు గదిలోకి వెళ్లా. గుమాస్తాగారు కళ్లద్దాల పైనుంచి చూసి "కార్డా? ఉంది. రెండు శాతం పడుద్ది" అన్నారు. "ఎందుకండీ" అంటే "మాకూ పడుద్ది కదండీ" అన్నారు. ఇంకేం మాట్లాడతాం. ఏడాది ఫీజు 1,32,000, అంటే 2,640 అదనం.

లెక్కల_మాస్టారు · మంగళవారం సాయంత్రం 5:30

అయితే రెండు రకాలుగా చూద్దాం. 2,640 కట్టి స్కూలు ఫీజు కూడా కార్డు మీదే పెడితే 11,156 కాస్తా 8,516 అయింది.

స్కూలు ఫీజు వదిలేస్తే మిగిలేది నెలకి 23 వేలు, ఏడాదికి 2,76,000. ఇక్కడ తమాషా చూడండి, 3 లక్షలు దాటడం లేదు, కాబట్టి ఆ 2,500 కూడా పోయింది. 5,520 ఎడ్జ్ మైళ్లు, అవతల 11,040. విలువ 8,832, ఫీజు పోగా చేతికి 2,932. అంతే.

పక్కనే మామూలు క్యాష్‌బ్యాక్ కార్డు పెట్టి చూడండి. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ అని ఉంది, ఆన్‌లైన్‌లో 5 శాతం, బయట 1 శాతం. ఆన్‌లైన్ సరుకులు 10,000 మీద 500, మిగతా 13,000 మీద 130. నెలకి 630, ఏడాదికి 7,560. ఫీజు 999, అది కూడా ఏడాదికి 2 లక్షలు దాటితే వెనక్కిస్తారు, మీరు దాటతారు. ఇందులో సీటు వెతుక్కునే పని లేదు, డబ్బు బిల్లులో తగ్గిపోతుంది. అంటే స్కూలు గుమాస్తాకి 2,640 కట్టి మైళ్ల వెనకాల పరిగెత్తితే మీకు ఎక్కువ వచ్చేది ఏడాదికి 956 రూపాయలు. ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ.

డల్లాస్_గుంటూరోడు · మంగళవారం సాయంత్రం 5:58

ఆ పద్దు ఆయనదే కాబట్టి సరిపోయింది 😄

మిర్చియార్డు_గుంటూరు · మంగళవారం రాత్రి 9:10

మాస్టారి లెక్కకి తిరుగులేదు. నేను మిర్చి కమిషన్ వ్యాపారం, సీజన్‌లో డబ్బు ఇటు వచ్చి అటు పోతుంది. మావాళ్లు కొంతమంది మైళ్ల కోసమని బంధువుల ఖర్చులూ స్నేహితుల ఖర్చులూ తమ కార్డు మీదే తిప్పుతారు. గుర్తుంచుకోండి, ఏడాదిలో కార్డు బిల్లులకి 10 లక్షలు, లేదా నగదుగా లక్ష కడితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకి చెప్పాల్సిందే. తప్పేం కాదు, లెక్కలో చూపించిన ఆదాయానికి సరిపోతే చాలు. సరిపోకపోతే మైళ్లతో ఆడిటర్ ఆఫీసుకే ప్రయాణం.

రెండోది వడ్డీ. ఇది నా నెత్తిన పడింది కాబట్టి చెప్తున్నా, బ్యాంకు పేరు వద్దులెండి. రెండేళ్ల కిందట 2 లక్షల బిల్లు, నాకు రావాల్సిన డబ్బు వారం ఆలస్యమైంది. "మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన ముక్క) కట్టేద్దాం, ఏమవుద్ది" అనుకున్నా. నెలకి 3.75 శాతం అంటే 7,500, దానిమీద 18 శాతం జీఎస్టీ 1,350, మొత్తం 8,850. వారం ఆలస్యానికి నెల వడ్డీ ఎందుకంటే, పూర్తిగా కట్టకపోతే వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి లెక్క. మాస్టారు చెప్పిన ఏడాది మైళ్ల లాభం 8,516 కదా. ఒక్క నెలలో హుష్.

గన్నవరం_రన్‌వే · మంగళవారం రాత్రి 10:40

సరే, అందరూ కలిసి కుర్రోడిని భయపెట్టేశారు. నా మాట కూడా వినండి. మైళ్లు గిట్టుబాటయ్యేది రోజువారీ సరుకుల మీద కాదు, ఒకేసారి వచ్చే పెద్ద ఖర్చు మీద, అది కూడా సీటు దొరికితేనే. ఒప్పుకుంటా. మూడేళ్లుగా ఇందులోనే ఉన్నా, రాత్రి పదకొండు దాటాక విమాన సంస్థ యాప్ తెరిచి తేదీలు ఒక్కోటి వెనక్కి ముందుకీ జరపడం నా జబ్బు. దసరా సెలవులకి తక్కువ మైళ్ల సీట్లు దొరకడం కష్టం. అందరికీ అదే సెలవు కదా.

ఎప్పుడూ చేయకూడని పని ఒకటి చెప్తా, నేను చేశా కాబట్టి. సీటు కనపడకముందే మైళ్లు మార్చొద్దు. బ్యాంకులో ఉన్నంతసేపు అవి ఎటైనా పోగలవు, అవతలికి వెళ్లాక వెనక్కి రావు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లకి మూడేళ్ల గడువు కూడా ఉంది. ఇక నేను మార్చింది వేరే ఒక సంస్థకి, వాళ్ల పేరు చెప్పను, సీటు కోసం ఎనిమిది నెలలు చూశా, ఈలోపు వాళ్లు కావలసిన మైళ్ల సంఖ్య పెంచేశారు.

పాయింట్ల విలువ పడిపోవడం ఈ ఆటలో మామూలే. యాక్సిస్ వాళ్లదే మాగ్నస్ కార్డు సంగతి చూడండి, నెలకి లక్ష ఖర్చు పెడితే 25 వేల పాయింట్లు ఇచ్చేవాళ్లు, 2023 సెప్టెంబర్ 1 నుంచి అది తీసేశారు, మార్పిడి 5 పాయింట్లకి 4 మైళ్లు ఉన్నది 5కి 2 అయింది, ఫీజేమో 10,000 నుంచి 12,500 అయింది. అందుకే మైళ్లు దాచుకునే సొమ్ము కాదు. పండిన మామిడిపండు, కోసిన వారంలో తినాలి. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న కార్డుల రూల్స్ కూడా అంతే, అప్లై చేసే రోజు బ్యాంకు సైట్‌లో షరతుల పేజీ మళ్లీ చదువు.

ఆఖరిది ఇంటిపేరు గోల. ఇది మన తెలుగోళ్లకి తప్పదు. బ్యాంకులో నా పేరు ముందు రెండు అక్షరాలు, తర్వాత పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి ఉంది. విమాన సంస్థ ఖాతా పాస్‌పోర్టు ప్రకారం తెరిచా. బ్యాంకు నుంచి మైళ్లు పంపితే పేరు కలవలేదని తిరిగొచ్చేశాయి. మూడు వారాలు, ఆరు ఈమెయిళ్లు, ఆధార్, పాస్‌పోర్టు, రద్దు చేసిన చెక్కు. కార్డుకి అప్లై చేసేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు రాయించుకో.

లక్ష్మీపురం_డాక్టర్ · బుధవారం ఉదయం 7:05

పేరు గోల నిజం. మా ఇంట్లో నలుగురివి నాలుగు రకాలు. లాంజ్ (ఎయిర్‌పోర్టులో టిఫిన్ పెట్టే విశ్రాంతి గది) కోసమే కార్డు తీసుకునేవాళ్లకి ఒక మాట: చాలా బ్యాంకులు ఇప్పుడు ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లోపలికి రానిస్తున్నాయి. ఉప్మా కోసం యాభై వేలు గీకొద్దు.

కృష్ణలంక_అక్క · బుధవారం ఉదయం 11:30

అందరూ తెలివైనవాళ్లే, తమ్ముడు మొదటి పోస్టులో రాసింది మాత్రం ఎవరూ చదవలేదు. ఫిబ్రవరిలో చెల్లి పెళ్లి అన్నాడు! మైళ్ల కార్డు తీసుకోవడానికి ఆడపిల్ల పెళ్లికి మించిన ముహూర్తం ఉందా?

చూడు తమ్ముడూ. బంగారం వదిలేయ్, దానికి మైళ్లు రావు. పట్టుచీరలు, పెళ్లికొడుకు బట్టలు, బంధువులకి పెట్టే బట్టలు, ఇవి పెద్ద షాపుల్లో కొంటే కార్డు మీద అదనం ఏమీ ఉండదు, బోర్డు రేటే. సారె సామాను ఉంది, మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మిషన్. ఫంక్షన్ హాలు కొన్నిచోట్ల కార్డు తీసుకుంటారు. వంటవాళ్లు, పందిరి, మేళం, పూలు, పంతులుగారు, ఇదంతా నగదే, ఆశ పెట్టుకోకు. ఎంత తక్కువ అనుకున్నా మూడు, మూడున్నర లక్షలు కార్డు మీద తేలతాయి. డబ్బు ముందే ఖాతాలో ఉండాలి సుమా. మిర్చియార్డుగారు చెప్పినట్టు పెళ్లి అప్పు కార్డు మీద మిగిలితే, సింగపూర్ కాదు కదా సింగ్‌నగర్ కూడా వెళ్లలేం.

లెక్కల_మాస్టారు · బుధవారం మధ్యాహ్నం 12:15

అమ్మా, తలవంచుతున్నాను. ఈ లెక్క వేరు.

పెళ్లికి 3,50,000, మామూలు ఖర్చు 2,76,000, కలిపి 6,26,000. వందకి 2 చొప్పున 12,520. మూడు లక్షలు దాటారు కాబట్టి 2,500. చేరినందుకు (రన్‌వేగారూ, చూసుకోండి) 2,500. మొత్తం 17,520, అవతల 35,040 మైళ్లు.

నా ఉదాహరణ ప్రకారం ఒక మనిషికి రానూపోనూ 40,000. అంటే అమ్మగారి టికెట్‌కి 4,960 తక్కువ. ఇప్పుడు ఆ స్కూలు ఫీజు బయటకి తీయండి. 1,32,000 గీకితే 2,640 ఎడ్జ్ మైళ్లు, అవతల 5,280. మొత్తం కనీసం 40,320. గుమాస్తాగారికి 2,640 కట్టాలి, దాని బదులు వచ్చే మైళ్ల విలువ 4,224. నిన్న వద్దన్న ఖర్చు ఇవాళ న్యాయంగా ఉంది. నలుగురికీ కాదు, అమ్మగారికి మాత్రం కచ్చితంగా.

గన్నవరం_రన్‌వే · బుధవారం మధ్యాహ్నం 12:40

మాస్టారు మైళ్లు వాడమన్నారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

కుర్రోడా, కొన్ని కొసరు విషయాలు. ఏడాది మైళ్లు పోగయ్యేసరికి దసరా దాటిపోతుంది, సంక్రాంతి సెలవులు పెట్టుకో. మైళ్లు నీ ఖాతాలో ఉన్నా అమ్మకి టికెట్ తీయొచ్చు, క్రిస్‌ఫ్లయర్‌లో ఐదుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు. మిగతా మూడు టికెట్లు విమాన సంస్థ సైట్‌లో నేరుగా ఇదే కార్డుతో కొను, అక్కడ వందకి 5. ఏజెంట్ దగ్గర కొంటే ఆ 5 రావు. సింగపూర్‌లో దిగాక మాత్రం ఈ కార్డు లోపల పెట్టేయ్, విదేశీ కరెన్సీ మీద 3.5 శాతం, దానిమీద జీఎస్టీ కలిపి 4.13 శాతం పోతుంది. ఫారెక్స్ ఛార్జీ లేని ఉచిత కార్డు ఒకటి తీసుకో, స్కాపియా లాంటిది.

ఇంకా, క్రిస్‌ఫ్లయర్ మైళ్లతో ఎక్కేది శంషాబాద్‌లో. గన్నవరం నుంచి హైదరాబాద్ విమానమా, లేక బస్సులో నందిగామ, సూర్యాపేట మీదుగా 275 కిలోమీటర్లా, ఆ ఖర్చు కూడా రాసుకో. అమ్మకి మోకాళ్ల నొప్పులుంటే విమానమే.

మిర్చియార్డు_గుంటూరు · బుధవారం రాత్రి 8:50

పెళ్లి నెలలో లిమిట్ సరిపోదు. కొత్త కార్డుకి రెండు లక్షలు ఇస్తే గొప్ప. గీకడం, రెండు రోజుల్లో కట్టేయడం, మళ్లీ గీకడం. బిల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. లిమిట్ అంతా వాడేసి ఉన్నప్పుడు బిల్లు తయారైతే సిబిల్ స్కోరు (అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు) కూడా కిందికి జారుతుంది, ముందే కట్టేస్తే ఆ గొడవ లేదు.

పటమట_కుర్రోడు · ఆదివారం రాత్రి 9:15

వారం గడిచింది, ఏం చేశానో చెప్పాలి కదా.

మాల్ కుర్రాడి దగ్గరకి వెళ్లలేదు, బ్యాంకు సైట్‌లో షరతుల పేజీ చదివి నేనే అప్లై చేశా. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశా, ఇంటిపేరు మొత్తం విడదీసి, పద్నాలుగు అక్షరాలు, కార్డు మీద పట్టలేదు, చివరి రెండు అక్షరాలు తెగ్గొట్టారు. రన్‌వే అన్నా, ఇది మళ్లీ కలవదంటారా?

అమ్మకి ఇంకా పాస్‌పోర్టే లేదని ఈ గొడవంతా అయ్యాక గుర్తొచ్చింది. నిన్న అప్లికేషన్ నింపుతుంటే "పుట్టిన తేదీ" దగ్గర ఆగిపోయాం. స్కూలు సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఇంకోటి. అమ్మ మాత్రం "దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను ఐదో తరగతి, అంతవరకే తెలుసు" అంటోంది. అంటే 1977 నవంబర్. మాస్టారూ, దీన్నుంచి మీరు తేదీ తీయగలరా?

నాన్న లేని ఇల్లు కాబట్టి పెళ్లి డబ్బు నా ఖాతాలోనే విడిగా పెట్టాం, కార్డు గీకిన రోజే దాంట్లోంచి కట్టేస్తా. మిర్చియార్డుగారికి మాట ఇస్తున్నా.

లెక్కల_మాస్టారు · ఆదివారం రాత్రి 9:40

ఐదో తరగతి అంటే పదేళ్లు అనుకుంటే 1967 ప్రాంతం. అంతకుమించి లెక్కకి లొంగదు. ముందు ఆధార్‌లో తేదీ సరిచేయించండి, స్కూలు సర్టిఫికెట్ అసలు కాగితం పట్టుకెళ్లండి.

గన్నవరం_రన్‌వే · ఆదివారం రాత్రి 9:52

కార్డు మీద అచ్చు తెగినా ఫరవాలేదు, బ్యాంకు రికార్డులో పూర్తి పేరు ఉందా లేదా అన్నదే ముఖ్యం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అక్షరం అక్షరం చదివించుకో.

కృష్ణలంక_అక్క · ఆదివారం రాత్రి 10:20

అదంతా సరే తమ్ముడూ, శుభలేఖ ఏదీ? పట్టుచీరలకి వెళ్లే రోజు చెప్పు, బేరం నేనాడతా, నువ్వు కార్డు పట్టుకుని నిలబడు చాలు.